ఒక రాయి, ఏడు మాటలు

ఆ ఆదివారం ఉదయం చెంగల్రాయుడు పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగడం, కుప్పం రాళ్ల ఫ్యాక్టరీకి ఒక ఉత్తరం రాయడం, భోజనం చేసి పడుకోవడం. మొదటిదీ మూడోదీ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి.

ఆయన మదనపల్లెలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరు. కాపురం పుంగనూరులో. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వస్తాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు నిండాక, 1998లో, పుంగనూరులో సొంత ఇల్లు కట్టుకుని ఇల్లంతా నల్ల గ్రానైటు పరిపించాడు. ఆ నునుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చని వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు. వాళ్లు ఆయన బట్టతల వైపు ఒకసారి చూసి, మర్యాదకు ఊరకుండేవారు.

కొత్తింట్లో చేరి పది రోజులైనా కాకముందే వంటింట్లో ఒక చిక్కు బయటపడింది. కిటికీ కింద, గ్రైండరు పెట్టుకోవాలని ఆయన భార్య మునిలక్ష్మి పునాది రోజునే అనుకున్న చోట, ఒక రాయి ఒక మూల పావలా బిళ్ల మందాన లేచి ఉంది. కంటికి ఆనదు. గ్రైండరుకు మాత్రం తెలిసిపోయింది. స్విచ్చి వేయగానే దాని కాలొకటి గాల్లో ఆడేది. కిటికీ దగ్గర బయలుదేరిన గ్రైండరు మినప్పప్పు నలిగేలోపు గడప దాకా నడిచి వచ్చేది. మునిలక్ష్మి పీట వేసుక్కూర్చుని, దానికి కాలు అడ్డం పెట్టి రుబ్బుకునేది. లక్షలు పోసి ఇల్లు కట్టింది గ్రైండరుకు కాపలా కాయడానికా అని ఆమె బాధ.

మేస్త్రీ వెంకటస్వామిని పిలిపించారు. అతను రసమట్టం పెట్టి చూసి, తన పనితనంలో లోపం లేదనీ, రాయే ఒక పక్క మందంగా వచ్చిందనీ, ఫ్యాక్టరీ నుంచి ఇంకో రాయి తెప్పిస్తే అరగంటలో మార్చి ఇస్తాననీ చెప్పి, కాఫీ తాగి పోయాడు.

"ఒక కార్డు ముక్క రాస్తే సరిపోతాది" అంది మునిలక్ష్మి. "మన మునిచంద్ర ఆడనే కదా ఉండేది. ఒక రాయి మిట్టగా ఉండాది, ఇంగొకటి పంపీప్పా అంటే పంపిస్తాడు."

మునిచంద్రది శాంతిపురం పక్కన చిన్న పల్లె. తల్లి ఆదెమ్మ క్వారీలో కంకర కొట్టి కొడుకును మదనపల్లె హాస్టల్లో పెట్టి చదివించింది. చెంగల్రాయుడి దగ్గర మూడేళ్లు ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో, బయటికి పోయే ప్రతి రాయినీ సరిచూసి సంతకం పెట్టే సూపర్వైజరు. వాళ్ల వంశంలో నెలజీతం అందుకున్న మొదటివాడు అతనే. సారు ఇంటికని రాళ్లను దగ్గరుండి తనే ఏరి పంపించాడు.

కార్డు అనగానే చెంగల్రాయుడు నవ్వాడు. రాళ్లను ఓడలెక్కించి విదేశాలకు పంపే ఫ్యాక్టరీకి, ఇరవై ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పినవాడు తెలుగులో కార్డు రాస్తే లోకం ఏమనుకుంటుంది? ఆ లోకంలో ఎవరెవరున్నారని మునిలక్ష్మి అడగలేదు. పెళ్లయిన మొదట్లో ఇలాంటివి అడిగేది.

ఇక్కడ ఆయన నియమం ఒకటి చెప్పాలి. ఒకసారి వాడిన మాటను అదే కాగితం మీద రెండోసారి వాడకూడదు. వాడితే దరిద్రం. పిల్లల వ్యాసాల్లో మాట మళ్లీ కనిపిస్తే ఎర్ర సిరాతో సున్న చుట్టి ఒక మార్కు కోసేవాడు. రోజుకు నాలుగు మాటలు, ఒక్కోదానికి అదే అర్థం వచ్చే మరో ఆరు మాటలు, బోర్డు మీద రాసి బట్టీ పట్టించి, శుక్రవారం అప్పజెప్పించుకునేవాడు. ఆయన హోటల్లో రెండో ఇడ్లీ కావాలంటే 'మరొకటి' అంటాడే గాని 'ఇడ్లీ' అని రెండోసారి అనడని పిల్లలు చెప్పుకునేవారు. అది అబద్ధం. అయితే నమ్మనివాళ్లు ఎవరూ ఉండేవారు కాదు.

మొదటి వాక్యం సాఫీగానే వచ్చింది. వంటింటి రాయి ఒకటి 'అన్‌ఈవెన్'గా ఉందని రాశాడు. అక్కడ చుక్క పెట్టి సంతకం చేసి ఉంటే సరిపోయేది. కానీ ఒకే ఒక్క వాక్యంతో ఉత్తరం పంపడం ఆయనకు చొక్కా లేకుండా సభకు పోయినట్టు అనిపించింది. రెండో వాక్యంలో గ్రైండరు బాధ చెప్పాలి. ఆ బాధకు కారణం మళ్లీ చెప్పాలి. 'అన్‌ఈవెన్' అయిపోయింది. బెంగళూరు ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి పర్యాయపదాల పుస్తకం తీశాడు. 'రఫ్' దొరికింది. మూడో వాక్యానికి 'బంపీ' దొరికింది. తరువాత 'రగ్గ్‌డ్' వచ్చింది, 'జాగ్డ్' వచ్చింది, 'లాప్‌సైడెడ్' వచ్చింది. 'అన్‌డ్యులేటింగ్' దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అది అలలు అలలుగా సాగే నేలల గురించి వాడే మాటనీ, సోమల దారిలోని మెట్టపొలాలకైతే సరిగ్గా ఉంటుందనీ లీలగా తోచింది. కానీ పలకడానికి గంభీరంగా ఉంది. వదలబుద్ధి కాలేదు.

రాయికీ అదే గతి పట్టింది. మొదటి వాక్యంలో 'స్టోన్' అన్నాడు కాబట్టి రెండో దాంట్లో 'స్లాబ్' అన్నాడు. తరువాత 'ఫ్లోరింగ్' అన్నాడు. చివరికి వచ్చేసరికి వేరే మాట మిగల్లేదు, 'కన్‌సైన్‌మెంట్' అన్నాడు. అంటే లారీకెత్తిన సరుకంతా. ఒక రాయి నాలుగు వాక్యాలు దాటేసరికి ఒక లోడు అయిపోయిన సంగతి ఆయన గమనించలేదు. మాటలు ఒకదాన్ని ఒకటి తాకకుండా ఎంత ముచ్చటగా కుదిరాయో, అదే చూసుకున్నాడు.

ఉత్తరం పైకి చదివి వినిపించాడు. మునిలక్ష్మి చేతిలోని కూరగాయలు తరుగుతూనే మొత్తం వినింది.

"ఇంత పెద్దగా ఉండాదే, రాయి ఒగటే అని రాసినారా?"

మొదటి వాక్యంలో రాశానన్నాడు. అది నిజమే.

సోమవారం మదనపల్లెలో సరస్వతమ్మ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కార్బన్ పెట్టి టైపు చేయించి, ఒక కాపీ తన సంచిలో ఉంచుకుని, అసలు ఉత్తరాన్ని రిజిస్టర్ పోస్టులో పంపాడు. మంగళవారం మధ్యాహ్నానికి అది చేరింది. అక్కడ జరిగిందంతా ఆయనకు తరువాత తెలిసింది.

ఫ్యాక్టరీ యజమాని గోవిందరాజులు ఎనిమిదో తరగతి దాకా చదివాడు. రాయి మీద వేలు పెట్టి అది ఏ క్వారీదో చెప్పగలడు. ఇంగ్లీషు ఉత్తరమంటే మాత్రం భయం. రెండేళ్ల కిందట విదేశీ కొనుగోలుదారు రాసిన ఉత్తరంలో ఒక మాటను ఎవరో చదవకుండా వదిలేసినందువల్ల ఒక లోడు రేవు నుంచి తిరిగొచ్చింది. అప్పటినుంచి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఉత్తరంలో తప్పు చెప్పే మాట ఎక్కడ కనపడినా దానికొక నంబరిచ్చి, ఆఫీసు బోర్డు మీద ఒక వరుస రాయాలి. ఒక మాటకు ఒక వరుస. ఆ వరుసకు ఎవరు బాధ్యులో వాళ్లు జవాబు చెప్పాలి. వరుసలన్నీ కొట్టేసేదాకా, ఆ సరుకు మీద సంతకం పెట్టినవాడు గేటు లోపలికి రాకూడదు.

ఆ ఫ్యాక్టరీలో ఇంగ్లీషు చదవగలిగినవాడు మునిచంద్ర ఒక్కడే. సారు ఉత్తరమని తెలియగానే అతనికి సంతోషమైంది. నిలబడి చదివాడు. ఏడు మాటలూ తెలిసినవే, శుక్రవారాలు అప్పజెప్పినవే. బడిలో ఆ ఏడింటికీ ఒకటే అర్థం. ఫ్యాక్టరీకి వచ్చాక ఒక్కో మాటకు ఒక్కో రాయి దొరికింది. రఫ్ అంటే పాలిష్ పట్టనిది, జాగ్డ్ అంటే అంచు రంపపు పళ్లలా విరిగినది, అన్‌డ్యులేటింగ్ అంటే కోత రంపం ఊగి అలలు తేలినది. అన్నీ విడమరిచి యజమానికి చెప్పాడు. బోర్డు మీద ఏడు వరుసలూ తన చేత్తోనే రాశాడు. ఒక్క మాటైనా మింగి ఉంటే బాగుండేది. చెంగల్రాయుడి దగ్గర చదువుకున్నవాడికి మాట మింగడం చేతకాదు.

రంపంవాళ్లు తమ తప్పు లేదన్నారు. పాలిష్‌వాళ్లు తమది లేదన్నారు. అంచులు కోసేవాళ్లు ఒట్టేశారు. మిగిలింది సంతకం.

"ఏడు తప్పులుండే లోడు మీద సంతకం ఎట్ల పెడితివప్పా?" అన్నాడు గోవిందరాజులు.

అన్నీ చూసే పంపించానన్నాడు మునిచంద్ర.

"అయితే మీ సారు అబద్ధం రాసినాడా?"

సారు అబద్ధం రాశాడని అనడం అతని వల్ల కాలేదు. మరుసటి రోజు నుంచి పనికి రావద్దన్నారు.

గోవిందరాజులు చెడ్డవాడు కాదు. ఒక మాస్టరు కట్టుకున్న ఇంట్లో ఏడు రకాల చెడిపోయిన రాళ్లున్నాయంటే ఫ్యాక్టరీకి అంతకన్నా తలవంపులు లేవని, గురువారం పొద్దున్నే కొత్త లోడు ఎత్తించి, ఆరుగురు మనుషుల్ని గడ్డపారలతో సహా పుంగనూరుకు పంపాడు.

ఆ సాయంత్రం చెంగల్రాయుడు బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి, ఎదురింటి అరుగు మీద తన గ్రైండరు కూర్చుని ఉంది. దాని పక్కన బీరువా. ఇంటి ముందు లారీ. లోపల హాల్లో పద్నాలుగు రాళ్లు పైకి లేచి, నంబర్లు వేయించుకుని గోడకు ఆనుకుని ఉన్నాయి. మిగిలిన నేల మీద ఒకడు చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. ఇంకొకడు చెంప నేలకు ఆనించి ఆ నీళ్ల వంకే చూస్తున్నాడు. పొద్దుటినుంచి ఎంత వెతికినా అలలు దొరకలేదనీ, అవి ఎక్కడున్నాయో సారే చూపిస్తే వాటినీ తీసేస్తామనీ వాళ్ల పెద్ద వినయంగా చెప్పాడు. వంటింటిని మాత్రం ఇంకా ముట్టుకోలేదట. ఆ ఆరుగురికీ అక్కడ వంట జరుగుతోంది మరి.

ఒక్క రాయేనని మునిలక్ష్మి పొద్దుటినుంచి మొత్తుకుంటూనే ఉంది. వాళ్లు ఆమెకు ఫ్యాక్టరీలో ఇచ్చిన కాగితం చూపించారు. కన్‌సైన్‌మెంట్ అని ఉందమ్మా, అంటే అన్నీ అన్నారు. కాగితం మీద ఉన్నదాన్ని కాదనడానికి ఆమె దగ్గర ఇంకో కాగితం లేదు.

చెంగల్రాయుడు సంచి కింద పెట్టకముందే ఆమె ఆయన్ని వంటింట్లోకి పిలిచింది. గొంతు పెంచలేదు.

"మునిచంద్రను పనిలోంచి నిలిపేసినారంట. మీ లెటరు సూసి. ఈ మనుషులే చెప్పినారు." పొయ్యి మీది గిన్నె దించి, "ఆదెమ్మ ఎదురొస్తే ఏమని చెప్తారు?" అంది.

ఆయనకు నిజంగా సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఎందరి మార్కులో కోశాడు గాని ఒకరి అన్నం కోయలేదు. వచ్చిన మనుషుల చేత తీసిన రాళ్లను మళ్లీ పరిపించి, అన్నం పెట్టించి, ఆ సిగ్గులో వంటింటి రాయి మాట ఎత్తకుండానే లారీని నిండుగా వెనక్కి పంపించాడు.

శుక్రవారం బడికి సెలవు పెట్టి పలమనేరు బస్సెక్కాడు. గంగవరం దాటినాక రోడ్డు బాగా గుంతలు. కిటికీ కమ్మీకి తల రెండుసార్లు తగిలింది. ఈ దారికి ఏ మాట సరిపోతుందా అని అలవాటు కొద్దీ ఆలోచించబోయి, మానుకున్నాడు. పలమనేరులో బస్సు మారి, శాంతిపురం దాటాక ఫ్యాక్టరీ ముందు దిగాడు.

ఆఫీసు గదిలో అడుగు పెట్టగానే ఎదురుగా బోర్డు. ఒకటి నుంచి ఏడు దాకా తన మాటలు, మునిచంద్ర గుండ్రటి చేతిరాతలో. స్పెల్లింగులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ స్థితిలో కూడా ఆయన అది గమనించాడు.

గోవిందరాజులు లేచి కుర్చీ వేయించాడు. ఒక్క రాయి గురించే రాశానని చెంగల్రాయుడు చెప్పాడు. గోవిందరాజులు బోర్డు వంక, సారు వంక మార్చి మార్చి చూశాడు.

"ఒక్క రాయికి ఏడు తప్పులు యాల రాసినారు సార్?"

"తప్పు ఒగటేనప్పా. ఏడు రకాలుగా చెప్పినాను. అదే మాట మళ్లీ మళ్లీ రాస్తే బాగుండదని."

గోవిందరాజులు బోర్డు దగ్గరికి పోయి ఏడు వరుసలనూ వేలితో లెక్కపెట్టాడు. తరువాత, రాయి ఒకటే అయితే మాట కూడా ఒకటే ఉండొచ్చు కదా అని మెల్లగా అడిగాడు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. చెంగల్రాయుడు మునిచంద్రను పిలిపించమన్నాడు. మనిషిని పంపారు. అతను సైకిలు మీద వచ్చాడు, నమస్కారం చేసి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రావచ్చని యజమాని సైగ చేశాక వచ్చాడు.

మునిచంద్రకు కోపముంటే బాగుండునని చెంగల్రాయుడు అనుకున్నాడు. కోపం లేదు. సారును వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ వెనక, పనికిరాని రాళ్లను పారేసిన చోటికి తీసుకుపోయాడు. ఒక రాయి మీద ఆయన అరచేయి పెట్టించి, ఇది రఫ్ అన్నాడు. చేయి గరగరలాడింది. ఇంకోదాని మీద నీళ్లు పోశాడు. నీళ్లు వరుసగా, సన్నటి కాలువలుగా నిలిచాయి. అది అన్‌డ్యులేటింగ్. బంపీ దాని మీది గడ్డలు వేలికి బొబ్బల్లా తగిలాయి. జాగ్డ్ రాయి అంచు ఆయన పంచెను పట్టుకుని ఒక పోగు లాగింది. రగ్గ్‌డ్ అన్నది క్వారీ నుంచి వచ్చినట్టే ఉన్న మొరటు బండ. లాప్‌సైడెడ్ రాయి ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు. ఏ రెండూ ఒకటి కావు. ఒక మాటను తీసి ఇంకో రాయి మీద పెడితే నిలవదు. ఇరవై ఆరేళ్లుగా తాను బోర్డు మీద సమానమని రాసి మధ్యలో రెండు గీతలు పెట్టిన మాటలు ఇవి.

"మొదటి లైను ఒగటే రాసింటే సరిపోయిండేది సార్" అన్నాడు మునిచంద్ర. తరువాత ఇంకాస్త మెల్లగా, "అన్‌ఈవెన్ మాత్రం నిజమే. మీ ఇల్లని తొందరలో ఒక రాయి మందం సూడకుండా వదిలేసినా. అది నా తప్పే" అన్నాడు.

ఆఫీసు గదికి తిరిగి వచ్చారు. నోటి మాటతో బోర్డు చెరపడం కుదరదనీ, ఇంగ్లీషులో వచ్చింది ఇంగ్లీషులోనే పోవాలనీ, ఏడు వరుసలకూ ఏడు జవాబులు కాగితం మీద కావాలనీ గోవిందరాజులు చెప్పాడు. ఒక్క వరుస మిగిలినా మునిచంద్ర గేటు దాటడానికి లేదు. పద్ధతి పద్ధతే.

చెంగల్రాయుడు కార్బన్ అడిగి పెట్టించుకుని కలం తీశాడు. ఆరు వరుసలు సులభం, అవి జరగనే లేదు. మొదటిదే చిక్కు. అది నిజం. నిజం రాస్తే ఒక వరుస మిగిలిపోతుంది. ఎదురుగా మునిచంద్ర చేతులు కట్టుకుని, పరీక్ష పేపరు తిరిగిచ్చే రోజున నిలబడ్డట్టే నిలబడి ఉన్నాడు. చెంగల్రాయుడు వంటింటి రాయి 'లెవెల్'గా ఉందని రాశాడు. ఆపైన అలవాటు చేతిని వదల్లేదు. 'స్మూత్' అన్నాడు, 'ఈవెన్' అన్నాడు, 'ఫ్లాట్' అన్నాడు, 'యూనిఫాం' అన్నాడు, 'పాలిష్డ్' అన్నాడు, 'ఫ్లాలెస్', అంటే ఏ లోపమూ లేనిది, అని ముగించాడు.

మునిచంద్ర దాన్ని పైకి చదివి యజమానికి వివరించాడు. మొదటి మాట దగ్గర ఆగి సారు ముఖంలోకి చూశాడు. సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మునిచంద్ర గొంతు సవరించుకుని మిగిలింది చదివేశాడు.

గోవిందరాజులు పొంగిపోయాడు. తమ రాయిని ఇన్ని మాటలతో ఇంతవరకు ఎవరూ పొగడలేదనీ, దీన్ని లామినేషన్ చేయించి, కొనడానికి వచ్చేవాళ్లకు కనపడేలా గోడకు తగిలిస్తాననీ అన్నాడు. తనే లేచి బోర్డు తుడిచాడు. మునిచంద్రను పనిలోకి పొమ్మన్నాడు. సారుకు టీ తెప్పించి, ఆప్యాయంగా అడిగాడు.

"అంత దూరం నుంచి వచ్చినారు. ఇంతకూ మార్చాల్సిన రాయి ఏమన్నా ఉండాదా సార్? ఉంటే చెప్పండి, ఇప్పుడే బండికి ఎత్తిస్తాను."

బల్ల మీద ఉత్తరం సిరా ఇంకా ఆరలేదు. వాకిట్లో మునిచంద్ర ఆగిపోయాడు.

"లేదప్పా" అన్నాడు చెంగల్రాయుడు. "అంతా సమంగానే ఉండాది."

చీకటి పడుతుండగా ఇల్లు చేరాడు. రాయేదని మునిలక్ష్మి అడిగింది. ఆయన అంతా చెప్పాడు, ఏ మాటా మార్చకుండా, ఒకే మాట ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు అంటూ. ఆమె మర్నాటికి మినప్పప్పు నానబోస్తూ వినింది. చివర్లో, మునిచంద్ర పనిలోకి పోయినాడు కదా అని మాత్రం అడిగి, ఆ పిల్లోడి కన్నా రాయి ఎక్కువా అనేసి లేచింది.

మర్నాడు పొద్దున నానిన పప్పు గ్రైండరులో వేసి, భర్త సంచిలోంచి కార్బన్ కాపీలు రెండూ తీసింది. మొదటి ఉత్తరాన్ని ఎనిమిది మడతలు పెట్టి గాల్లో ఆడే కాలి కింద తోసింది. కాస్త తక్కువైంది. రెండోదాన్ని కూడా మడిచి దాని మీద పెట్టింది. సరిగ్గా పావలా బిళ్ల మందం. స్విచ్చి వేసి, పీట పక్కకు జరిపి, కూరగాయలు తరుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

పప్పు నలిగేదాకా గ్రైండరు ఉన్నచోటనే ఉంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో చెంగల్రాయుడి ఇంగ్లీషు ఒక ఎత్తుపల్లాన్ని సరిచేయడం అదే మొదటిసారి.